బోరు లెక్క రాసేముందు

అమ్మలూ,

మీ అమ్మ ఫోన్ చేసి నీ సంగతంతా చెప్పింది. వాగు వెంబడి ఊళ్ళన్నింటి వానలూ, బోర్ల నీటిమట్టాలూ ఒకచోట చేర్చి, వాటిని ముందు పెట్టుకుని రబీలో ఏం వేయాలో రైతులతో మాట్లాడతావట. గర్వంగా అనిపించింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు, అందుకే రాస్తున్నాను.

ఈ పని మన దగ్గర కొత్తది కాదు. 2000ల్లో మన అనంతపురంతో సహా ఏడు కరువు జిల్లాల్లో ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ అనే ప్రాజెక్టు నడిచింది, అంటే భూగర్భజలాల్ని రైతులే కొలిచి చూసుకునే పని. వందల ఊళ్ళ రైతులు తమ వాన తామే కొలుచుకున్నారు. పదిహేను రోజులకోసారి బోర్లలో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో చూశారు. రబీకి ముందు అందరూ కూర్చుని, నేలలో ఎంత నీరుంది, వేయాలనుకున్న పంటలకి ఎంత కావాలి అని లెక్క కట్టుకున్నారు. వరి మానమని ఎవరూ ఆర్డరు వేయలేదు. లెక్క చూసుకున్నాక చాలామంది వాళ్ళంతట వాళ్ళే తగ్గించుకున్నారు. మా ఊళ్ళో వాన రాసేదాన్ని నేనే. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే సుమారు 4,000 లీటర్లని మొదటిసారి విన్నప్పుడు నమ్మలేకపోయాను. ఆ తర్వాత చిన్న జల్లు పడినా లెక్క వేయకుండా ఉండలేకపోయేదాన్ని.

కొలతల గురించి నీకు పెద్దగా చెప్పక్కర్లేదు. వర్షమాపకాన్ని చెట్లకీ గోడలకీ దూరంగా పెట్టించు, రోజూ పొద్దున 8:30కి చూడమను. బోరు కొలిచేముందు మోటారు కొన్ని గంటలు ఆపి ఉండాలి. మనది రాతినేల, నీళ్ళుండేది పైనున్న మెత్తటి పొరలోనూ రాతి పగుళ్ళలోనూ. పక్కపక్క చేలలోనే ఒక బోరు పోస్తుంది, ఇంకోటి ఎండిపోతుంది. అందుకని ఊరంతటికీ ఒకటే సగటు చెప్పి ఊరుకోకు. మండలం హద్దు చూడకు, వాన నీళ్ళు ఏ వాగులోకి దిగుతాయో ఆ హద్దు పట్టుకో.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు. ఆ ప్రాజెక్టు అయిపోయిన చాన్నాళ్ళకి పక్క మండలానికి ఒక బృందం వచ్చింది. మంచి పిల్లలు, కష్టపడ్డారు. సీజనంతా బోర్లు కొలిచి, అంకెలన్నీ పట్నానికి పట్టుకెళ్ళి, పెద్ద చార్టు చేసుకుని తిరిగొచ్చారు. రచ్చకట్ట దగ్గర సభ పెట్టారు. ఆ చార్టులో రైతుల పేర్లున్నాయి. నీరు తక్కువున్న చోట వరి వేసినవాళ్ళ పేర్ల పక్కన ఎర్ర గీత. ఒక్కొక్క పేరూ పైకి చదివారు.

అందులో ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన పొలం చెరువు కట్ట కిందిది. వానాకాలం నుంచీ చెమ్మ ఆరదు, చెనక్కాయ వేస్తే కుళ్ళిపోతుంది. వరి ఎందుకు వేశావని ఆయన్ని ఎవరూ ముందు అడగలేదు. నలుగురిలో పేరు చదివేసరికి తువ్వాలు దులుపుకుని లేచి వెళ్ళిపోయాడు. ఆయన వెనకే ఇంకొందరు.

తర్వాతి నెల టేపు పట్టుకుని వెళ్తే మోటారు ఆడుతోంది, రేపు రండి అన్నారు. రేపు వెళ్తే తాళం. బోరు లెక్క రాసుకుంటే మోటార్లకి మీటర్లు పెడతారని మాట పుట్టింది. కొలిచే అమ్మాయి మాత్రం ఏం చేస్తుంది? ఖాళీ గడి చూపిస్తే తిడతారని పాత అంకెనే మళ్ళీ వేసేది. పట్నంలో చార్టు నిండుగానే ఉంది. అందులో నీరు నిలకడగా ఉందని కనిపించింది, కింద చూస్తే బోర్లు ఎండుతున్నాయి. ఆ చార్టు నమ్మి కొత్త బోరు వేయించుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆ అప్పుల సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపమొస్తుంది.

అందుకే చెబుతున్నా, ఏ బోరు అంకెనైనా ముందు ఆ బోరు రైతుకే చూపించు. అందరిలో పెట్టొచ్చా అని అడుగు. వద్దంటే పేరు తీసేసి వాగు మొత్తం లెక్కలో కలుపు. కొలవలేని రోజు గడి ఖాళీగానే ఉండనివ్వు, రాసే పిల్లల్ని దానికి కసరకు. ఫోన్లో యాప్ ఉందన్నావట, ఉండనీ. ఊరి గోడ మీద కూడా రాయించు, చదువురానివాళ్ళకి చదివి వినిపించు. తాగునీటి బోర్లు మర్చిపోకు. అవి ఎప్పుడు తగ్గుతాయో ఆడవాళ్ళకే ముందు తెలుస్తుంది. సభ వాళ్ళకి పొలం పనీ వంటపనీ తెమిలే వేళకి పెట్టు.

ఇంకోటి, ఇది లెక్కల కన్నా ముందు. బోర్ల జాబితా రాస్తూ తిరిగేటప్పుడు పాడుబడిన బోరు నోరు తెరుచుకుని కనిపిస్తే, అక్కడే నిలబడి మూత వేయించు. పసిపిల్లలు అందులో పడిపోయిన వార్త విన్న ప్రతిసారీ నాకు చేతులు వణుకుతాయి. నీ కాగితంలో వాటికొక గడి పెట్టు, మూసిందీ లేనిదీ రాయి. పంపుషెడ్లలోకి చీకట్లో వెళ్ళకు, పాములుంటాయి. ఒంటరిగా అసలే వద్దు. నీకు ధైర్యం ఎక్కువని తెలుసు, అయినా చెబుతాను.

సెప్టెంబరు ఆఖరుకి వానల లెక్క ఒక కొలిక్కి వస్తుంది. రబీ సభ ఆ తర్వాత పెట్టు, విత్తనాలు కొనకముందే. తేదీ ఖాయం కాగానే నాకు చెప్పు, వస్తాను. నా పాత వాన పుస్తకాలు అటక మీద ఉన్నాయి, పనికొస్తాయంటే దింపిస్తాను.

మీ పెద్దమ్మ