సూర్యుడి ష్వార్జ్‌షీల్డ్ వ్యాసార్థం 3 కి.మీ. బదులు 8.8 వస్తుంటే
ష్వార్జ్‌షీల్డ్ వ్యాసార్థమంటే, ఒక వస్తువు కృష్ణబిలం (బ్లాక్ హోల్) కావాలంటే దాన్ని ఎంత వ్యాసార్థంలోకి నొక్కాలో అది. మీకు 8.8 కి.మీ. వచ్చిందంటే, కాంతి వేగాన్ని వర్గం చేసేటప్పుడు 10⁸ని మాత్రమే చేసి, ముందున్న 3ని వర్గం చెయ్యకుండా అలాగే ఉంచేసుంటారు. జవాబు సరిగ్గా మూడు రెట్లు రావడం అందుకే.

మీరు రాసిన సూత్రం కరెక్టే: 2జిఎమ్/సి². ఇందులో జి గురుత్వ స్థిరాంకం, ఎమ్ ద్రవ్యరాశి, సి కాంతి వేగం.

1. పైన: 2 × 6.67×10⁻¹¹ × 1.99×10³⁰ = 2.65×10²⁰. ఇక్కడిదాకా తప్పు లేదు.

2. కింద: (3×10⁸)². బ్రాకెట్ తప్పకుండా పెట్టండి. 3×3 = 9, 10⁸×10⁸ = 10¹⁶. మొత్తం 9×10¹⁶. మీ నోట్సులో 3×10¹⁶ ఉంటుంది, ఓసారి చూసుకోండి. విజయనగరంలో ట్యూషన్ చెప్పినన్నాళ్లూ ప్రతి బ్యాచ్‌లోనూ దిద్దిన తప్పిదే. కాలిక్యులేటర్లో కొట్టినా కింది సంఖ్యంతా బ్రాకెట్లోనే ఉండాలి.

3. భాగిస్తే దాదాపు 2,950 మీటర్లు.

అంటే అరసవల్లి గుడి దగ్గర్నుంచి శ్రీకాకుళం ఊళ్లోకి నడిచొచ్చేంత దూరం. 6,96,000 కి.మీ. వ్యాసార్థమున్న సూర్యుణ్ణి అంతలోకి నొక్కాలి! ఈ లెక్క మొదటిసారి వేసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సరిచూసుకోడానికి భూమికి వెయ్యండి, ద్రవ్యరాశి 5.97×10²⁴ కిలోలు. సుమారు 9 మిల్లీమీటర్లు రావాలి, గోళీకాయంత భూమి అన్నమాట.