తగ్గింది ఇంగ్లిషా, స్కోరా?

ప్రశ్న: మా అమ్మాయి యూకేలో ఎమ్మెస్సీ కోసం ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష రాస్తే మొత్తం 6.5 వచ్చింది. కానీ రైటింగ్‌లో 5.5. మొత్తం 6.5 ఉండాలి, ఏ విభాగంలోనూ 6కి తగ్గకూడదని యూనివర్సిటీ షరతు. మూడు నెలలు కోచింగ్ ఇప్పించి మళ్లీ రాయిస్తే మొత్తం 6కి పడిపోయింది! డబ్బు కట్టి మరీ ఉన్న ఇంగ్లిష్ పోగొట్టుకుందా? రెండు స్కోర్ కార్డులూ పంపుతున్నాను.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: కార్డులు పంపి మంచి పని చేశారమ్మా. మొదటిసారి లిజనింగ్ 6.5, రీడింగ్ 6.5, రైటింగ్ 5.5, స్పీకింగ్ 6.5. కూడితే 25, సగటు 6.25. సగటు పావు దగ్గర ఆగితే పైనున్న అరకు చేరుస్తారు కాబట్టి 6.5 అయింది. రెండోసారి వరసగా 6.5, 6, 6, 6. కూడితే 24.5, సగటు 6.125. పావు కూడా లేదు కదా, 6కి దించారు. సగటులో వీసమెత్తు తేడా, కార్డు మీద అర బ్యాండయి కూర్చుంది (ఈ పరీక్షలో స్కోరును బ్యాండంటారు).

మీరు కోచింగ్‌కు పంపింది రైటింగ్ కోసం. అది పెరిగింది! రీడింగ్‌లో 40 ప్రశ్నలకు ఒకట్రెండు తప్పినా అర బ్యాండు పోవచ్చు, దానికి బెంగ అక్కర్లేదు. ఇక దిద్దేవాళ్ల సంగతి. మా కాలేజీలో ఒకే వ్యాసానికి నేను 14 వేస్తే పక్క లెక్చరర్ 11 వేసేవారు. ఐఈఎల్‌టీఎస్‌లో కొలతలు రాసిపెట్టుకుని దిద్దుతారు, మా అంత అన్యాయం ఉండదు. అయినా ఒక్క పరీక్షలో అర బ్యాండు అటూ ఇటూ కావడం మామూలే.

నాకు అనుమానమల్లా స్పీకింగ్ మీదే. కోచింగ్‌లో జవాబులు బట్టీ పట్టించారా? పదకొండు నుంచి పద్నాలుగు నిమిషాల ముఖాముఖిలో అప్పజెప్పే పాఠాన్ని ఎదుటివాళ్లు ఇట్టే పసిగడతారు. అమ్మాయిని అడిగి చూడండి.

ఇప్పుడు నాలుగూ మళ్లీ రాయించకండి. కంప్యూటర్ మీద రాసి ఉంటే, పరీక్షయిన 60 రోజుల్లోపు ఒక్క విభాగమే తిరిగి రాసే వీలుంది. స్పీకింగ్ 6.5 అయితే కూడిక మళ్లీ 25 అయి మొత్తం 6.5కి చేరుతుంది, షరతు రెండు వైపులా తీరుతుంది. అలాంటి స్కోరు ఒప్పుకుంటారా అని ముందు యూనివర్సిటీకి మెయిల్ పెట్టండి, అందరూ ఒప్పుకోరు.

ఈలోపు రోజూ ఏదో ఒక విషయం మీద రెండు నిమిషాలు మాట్లాడి ఫోన్‌లో రికార్డు చేయమనండి. తేదీ వేసి దాచమనండి. నెల తర్వాత మొదటిదీ చివరిదీ పక్కపక్కన మీరే వినండి. మీకు ఇంగ్లిష్ రాకపోయినా ఫర్వాలేదు, ఎక్కడెక్కడ తడబడి ఆగిందో తల్లి చెవికి తెలుస్తుంది.