ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్‌లో ఎంటెక్ చేయాలా, ఎంబీఏ చేయాలా?

మెకానికల్ బీటెక్ చేసి మూడేళ్లుగా ఫ్యాక్టరీలో పని చేస్తున్నాను, పైకి ఎదగాలంటే ఏది చదవాలి అని అడిగారు. ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్‌లో, అంటే ఫ్యాక్టరీలో టైమ్, డబ్బు వృథా కాకుండా పని జరిగేలా చూసే చదువులో, ఎంటెక్ చేయండి. అందులో కాస్ట్ అకౌంటింగ్ ఎలక్టివ్‌గా ఉంటే మాత్రం వదలొద్దు. ఎందుకో చెప్తాను.

నేను గేట్ రాసి ఎంటెక్ చేసి, పాశమైలారంలో ప్రెస్ షాప్ (రేకులను ప్రెస్ మెషిన్లతో నొక్కి భాగాలు చేసే విభాగం) ఉన్న ఒక కంపెనీలో చేరాను. అక్కడ 250 టన్నుల ప్రెస్‌కి డై, అంటే రేకుకు ఆకారం ఇచ్చే అచ్చు, మార్చాలంటే రెండు గంటల పైనే పట్టేది. టొయోటాలో వెయ్యి టన్నుల ప్రెస్‌కి నాలుగు గంటలు పట్టే పనిని జపాన్ ఇంజనీర్ షిగియో షింగో మూడు నిమిషాలకు తెచ్చారని క్లాసులో చదువుకుని వచ్చినవాణ్ణి కదా, మొదటి రోజే స్టాప్‌వాచ్, ప్యాడ్ పట్టుకుని మెషిన్‌కి పది అడుగుల దూరంలో నిలబడ్డాను. ఆ రోజు రిజిస్టర్‌లో ఉన్న టైమ్ కంటే ఇంకో నలభై నిమిషాలు ఎక్కువే పట్టింది. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా అక్కడే చేస్తున్న ఆపరేటర్ ఒకాయన ఉండేవారు, అందరం బాబాయ్ అనేవాళ్లం. "ఆ గడియారం జేబులో పెట్టేసి ఇలా వచ్చి స్పానర్ పట్టుకో బాబూ" అన్నారు.

పట్టుకున్నాక అర్థమైంది. ఒక్కో డై ఎత్తు ఒక్కోలా ఉంది, అందుకని కింద పెట్టే ప్లేట్ల కోసం ప్రతిసారీ వెతుకులాట. బోల్టులు ఒక్కోటి ఒక్కో పొడవు. క్రేన్ పక్క బేకి (షెడ్‌లో పక్క వరసకి) కూడా అదే, ఖాళీ అయ్యేదాకా అరగంట ఊరికే కూర్చోవాలి. బాబాయ్ చెప్పినట్టే ప్లేట్లను డైలకే వెల్డింగ్ చేయించి, బోల్టులన్నీ ఒకే సైజుకి మార్చి, పాత డై నడుస్తుండగానే కొత్తది ట్రాలీ మీద మెషిన్ పక్కకు తెచ్చి పెట్టుకోవడం అలవాటు చేశాం. మూడు నెలల్లో ముప్పై అయిదు నిమిషాలకు దిగింది.

ఆ లెక్క పట్టుకుని ప్లాంట్ హెడ్ దగ్గరకు వెళితే, "నిమిషాలు సరే, రూపాయలు ఎన్ని?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. అకౌంట్స్‌లో ఉన్న మేడమ్ వారం రోజులు ఓపిగ్గా కూర్చోబెట్టి నేర్పించారు: డై త్వరగా మారితే చిన్న చిన్న లాట్లు నడపొచ్చు, అంటే ఒక్కోసారి కావాల్సినంతే తయారు చేయొచ్చు, స్టోర్స్‌లో పేరుకున్న సరుకు తగ్గుతుంది, దానిలో ఇరుక్కున్న డబ్బు బయటికొస్తుంది. కాస్ట్ అకౌంటింగ్ అంటున్నది అందుకే.

కాలేజీల సంగతికొస్తే, ఎంటెక్‌కి ఐఐటీ ఖరగ్‌పూర్, ఐఐటీ బాంబే చూడండి, గేట్ స్కోర్‌తో వెళితే నెలకు 12,400 స్టైపెండ్ కూడా వస్తుంది. ఎంబీఏనే కావాలనుకుంటే 1963లో నీటీగా (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్) మొదలై 2023లో ఐఐఎం ముంబై అయిన సంస్థకు క్యాట్ రాయండి, దాని పునాదే ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్. అమీర్‌పేటలో కన్సల్టెన్సీ వాళ్లు మాత్రం అమెరికాలో స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) కోర్సు, మూడేళ్ల ఓపీటీ (చదివాక అక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతి) అని ఆ ఒక్క ముక్కే చెప్తారు. సిలబస్‌లో ఏముందో అడిగితే బ్రోషర్ చేతిలో పెడతారు. నలభై లక్షలు అప్పు చేయించేవాళ్లకు ఆ మాత్రం తెలియకపోతే ఎలా? నాకు నిజంగా కోపం వస్తుంది.

ఇంకో సంగతి, దీన్ని ఏ కోర్సులోనూ నాకు చెప్పలేదు. డైలు ఎక్కువగా ఆదివారాలు మార్చేవాళ్లు, ఓవర్‌టైమ్ మీద. పని ముప్పై అయిదు నిమిషాలకు దిగేసరికి ఆదివారం పిలవడం మానేశారు. బాబాయ్ జీతంలో నెలకు నాలుగు వేలు పడిపోయాయి, కూతురు అప్పుడు నర్సింగ్ రెండో సంవత్సరం. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, పేస్లిప్ చూపించారంతే. నాలుగు నెలలు హెచ్‌ఆర్ చుట్టూ తిరిగితే గానీ డై సెట్టింగ్ చేసేవాళ్లకు ఇన్సెంటివ్ రాలేదు, అదీ పోయినదానిలో సగమే. మీరు ఏ కాలేజీకి వెళ్లినా ప్రాజెక్ట్ మాత్రం ఫ్యాక్టరీలోనే, కనీసం ఆరు నెలలు ఉండేలా చూసుకోండి. టైమ్ స్టడీ, అంటే స్టాప్‌వాచ్‌తో పనిని కొలవడం, మొదలుపెట్టే ముందే అక్కడివాళ్ల ఓవర్‌టైమ్ ఎంతో కనుక్కోండి.