కుక్క మందుల కోసం లోన్ తీసుకోవాలా? ముందు ఎంజైముల ఖర్చును, దురద ఖర్చును విడదీయండి

ప్రశ్న: మా జర్మన్ షెపర్డ్‌కు మూడేళ్లు. ఎంత తిన్నా చిక్కిపోతుంటే పరీక్షలు చేయించాం. క్లోమంలో జీర్ణ ఎంజైములు తయారు కావడం లేదని, జీవితాంతం తిండిలో పొడి కలిపి పెట్టాలని డాక్టర్ చెప్పారు. బరువు 32 కిలోల నుంచి 24 కిలోలకు పడిపోయింది. దీనికి తోడు ఏడాదిగా దురద. షాంపూలు, మాత్రలు, సప్లిమెంట్లు, డాక్టర్లు మారడం అన్నీ అయ్యాయి. ఇప్పుడు నా జీతంలో ఐదో వంతు దీనికే పోతోంది. అత్యవసర నిధి సగం కరిగింది, క్రెడిట్ కార్డు మీద బాకీ పెరుగుతోంది. పర్సనల్ లోన్ తీసుకుని ఏడాదికి సరిపడా పొడి ఒకేసారి కొంటే డిస్కౌంట్ వస్తుంది. కొనమంటారా? రిటైర్మెంట్ పొదుపు ఆపేయాలా? ఇప్పుడు బీమా తీసుకుంటే పనికొస్తుందా?

జవాబు: మీ మూడు ప్రశ్నలకు ముందే సూటిగా చెప్పేస్తాను. లోన్ వద్దు. రిటైర్మెంట్ పొదుపు ఆపొద్దు, కావాలంటే కొన్ని నెలలు తగ్గించుకోండి. బీమా ఈ రెండు జబ్బులకూ అక్కరకు రాదు. అయితే మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఈ మూడూ కావు. ఎంజైముల ఖర్చునూ దురద ఖర్చునూ మీరు ఒకే పద్దులో రాసుకుంటున్నారు. టెన్షన్ అంతా అక్కడే ఉందని నాకు అనిపిస్తోంది.

ఎంజైముల పొడి ఇంటి అద్దె లాంటిది. నెల నెలా కట్టాల్సిందే, ఈ నెల సగం కడతానంటే కుదరదు. దురద సంగతి అలా కాదు. అక్కడ ఇంకా కారణమే తేలలేదు. కాబట్టి ప్రస్తుతం అది వెతుకులాట ఖర్చు. వెతుకులాటకు ఒక క్రమం, ఒక గడువు, ఒక పరిమితి పెట్టుకోవచ్చు, పెట్టుకోవాలి కూడా. డబ్బు బిగుసుకున్నప్పుడు చాలా ఇళ్లలో దీనికి తలకిందులుగా జరుగుతుంది. పొడి డోసు తగ్గిస్తారు, దురదకు కొత్త డబ్బా తెస్తారు. అలా చేస్తే రెండు వైపులా నష్టమే.

నేను వెటర్నరీ డాక్టర్ని కాను, డోసులు నిర్ణయించడం నా పని కాదు. కానీ ఈ జబ్బు ఎలా పనిచేస్తుందో కాస్త తెలియకపోతే దాని బడ్జెట్ వేయలేం. క్లోమంలో ఎంజైములు తయారు చేసే భాగం దాదాపు 90 శాతం పోయాకే లక్షణాలు బయటపడతాయి. జర్మన్ షెపర్డ్‌లలో ఇది వంశపారంపర్యంగా, చాలావరకు చిన్న వయసులోనే వస్తుంది. పోయిన భాగం తిరిగి రాదు. పొడి కలపకుండా పెట్టిన తిండి ఒంటికి పట్టకుండా బయటికి పోతుంది. అంటే పొడి దగ్గర మిగిల్చిన డబ్బు తిండి రూపంలో, ఆ తర్వాత డాక్టర్ ఫీజు రూపంలో పోతుంది. కుక్క ఆకలితో అలమటించడం దానికి అదనం. మీరిచ్చిన జాబితాలో నేను ఒక్క పైసా కూడా కోయనిది ఈ పొడినే.

కోయకపోయినా, సరైన దారిలో ఇది తగ్గుతుంది. డాక్టర్లు సాధారణంగా 10 కిలోల బరువుకు పూటకు ఒక టీస్పూన్‌తో మొదలుపెడతారు. మీ కుక్క 24 కిలోలు కాబట్టి పూటకు రెండున్నర టీస్పూన్లు, రెండు పూటలకు రోజుకు అయిదు అనుకుందాం. ఎక్కువగా దొరికే పొడుల్లో ఒక టీస్పూన్ దాదాపు 2.8 గ్రాములు. రోజుకు 14 గ్రాములు, నెలకు 420 గ్రాములు. ఇది మొదలు మాత్రమే. బరువు పెరిగి, విరేచనం గట్టిపడి, కొన్ని వారాలు నిలకడగా ఉన్నాక డాక్టర్ డోసును మెల్లగా తగ్గించి, ఎంతలో సరిపోతుందో చూస్తారు. పూటకు ఒకటిన్నర టీస్పూన్ల దగ్గర కుదురుకుందనుకోండి, నెలకు 252 గ్రాములే. ఖర్చులో 40 శాతం తగ్గినట్టు. ఎంత దాకా తగ్గుతుందో ప్రతి కుక్కకూ వేరు. అందుకే ఏడాది సరుకు ఇప్పుడు కొనొద్దంటున్నాను. డోసు తేలకముందు కొన్న సరుకు మీకు ఎన్ని నెలలు వస్తుందో మీకే తెలియదు. ఆ బ్రాండ్ మీ కుక్కకు పడుతుందో లేదో తెలియదు. ఎక్స్‌పైరీ తేదీ ఉంటుంది, తేమ తగిలితే పొడి పాడవుతుంది. పైగా లోన్ వడ్డీ ఆ డిస్కౌంట్‌ను తినేస్తుంది. డోసు స్థిరపడ్డాక రెండు మూడు నెలల సరుకు చొప్పున, చేతిలో ఉన్న డబ్బుతో కొనుక్కోండి.

కొలత దగ్గర ఒక చిన్న మాట. చెంచా కుప్పగా తీస్తే ఎంత పడుతుందో, కత్తితో అంచు వెంట చదును చేసి తీస్తే ఎంత పడుతుందో ఒకసారి వంటింటి డిజిటల్ కాటా మీద తూచి చూడండి. ఇంట్లో ముగ్గురు వంతులేసుకుని తిండి పెడుతుంటే ముగ్గురి చెంచా మూడు రకాలుగా ఉంటుంది. గ్రాముల్లో కొలిస్తే డబ్బా ఎన్నాళ్లు వస్తుందో లెక్క తప్పదు, డాక్టర్ డోసు తగ్గించినప్పుడు ఫలితం కూడా నమ్మదగ్గదిగా ఉంటుంది. పొడిని వేడి తిండిలో కలపొద్దు, వేడికి ఎంజైములు చచ్చిపోతాయి. తిండిని కొంచెం తడిపి కలపండి. తడపకుండా పెడితే కొన్ని కుక్కలకు నోట్లో పుండ్లు పడి రక్తం వస్తుంది. అలా కనిపిస్తే డాక్టర్‌కు చెప్పండి. పొడి లేకుండా పిల్లలు మధ్యలో పెట్టే ముక్కలు కూడా ఆపించండి. ఆ చిన్న ముక్కల వల్ల విరేచనం పలచబడితే, డోసు చాలడం లేదని మీరు పొరబడతారు.

వేర్వేరు పొడులను పోల్చేటప్పుడు డబ్బా ధర చూడకండి. లేబుల్ మీద గ్రాముకు ఎన్ని యూనిట్ల లైపేజ్ (కొవ్వును అరిగించే ఎంజైమ్) అని రాసి ఉంటుంది. ధరను మొత్తం యూనిట్లతో భాగించి పోల్చండి. చవగ్గా కనిపించే డబ్బా ఈ లెక్కలో ఖరీదైనదిగా తేలడం మామూలే. మొక్కల నుంచి తీసిన ఎంజైముల సప్లిమెంట్లు, పైపూత ఉన్న మాత్రలు ఈ జబ్బుకు పూత లేని పొడి అంత బాగా పనిచేయవు. పొడికి బదులు పచ్చి క్లోమాన్ని సన్నగా తరిగి, ఫ్రీజర్‌లో పెట్టి వాడేవాళ్లూ ఉన్నారు. చాలా చవక, పనిచేస్తుంది కూడా. కానీ పచ్చి మాంసంతో వచ్చే ఇన్ఫెక్షన్ల భయం ఉంది కాబట్టి, ఎక్కడి నుంచి తేవాలో, తేవాలో వద్దో డాక్టర్‌తో మాట్లాడాకే నిర్ణయించుకోండి.

మొదటి పద్దులోనే చేరాల్సిన రెండో వస్తువు విటమిన్ బి12. మీ ఉత్తరంలో దాని ప్రస్తావన లేదు. ఈ జబ్బున్న కుక్కల్లో సగానికి పైగా బి12 లోపం ఉంటుంది. అది సరిచేయకపోతే ఎంత పొడి వేసినా బరువు సరిగా పెరగదు. రక్త పరీక్షలో తక్కువని తేలితే సాధారణంగా ఆరు వారాల పాటు వారానికో ఇంజెక్షన్, తర్వాత విరామం పెంచుతారు. రోజూ వేసే మాత్రలతోనూ సరిచేయవచ్చు. మొత్తం వైద్యంలో పెట్టిన డబ్బుకు ఇంత ఫలితం ఇచ్చేది మరొకటి ఉండకపోవచ్చు. ఇంజెక్షన్ ఇంట్లోనే వేయడం నేర్పమని డాక్టర్‌ను అడగండి, ప్రతిసారీ ఫీజు కట్టే పని తప్పుతుంది. మరోవైపు, జబ్బును నిర్ధారించిన టీఎల్ఐ అనే రక్త పరీక్షను మళ్లీ మళ్లీ చేయించక్కర్లేదు. పొడి వేసినంత మాత్రాన ఆ అంకె మారదు. మందు పనిచేస్తోందా అన్నది బరువులో, విరేచనంలో కనిపిస్తుంది. బి12ను మాత్రం తిరిగి చూడాలి.

ఇక దురద. ఇక్కడే మీ డబ్బు కారిపోతోంది. గత మూడు నెలల బిల్లులన్నీ ముందు పెట్టుకుని, ప్రతి దాని పక్కన ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు రాయండి: ఇది ఏ కారణం అనుకుని కొన్నాం? జవాబు రాయలేని బిల్లులు మీరు ఆపేయదగ్గవి. సప్లిమెంట్లు, మూడో రకం షాంపూ, ఎవరో చెప్పిన నూనె ఆ కుప్పలో పడతాయని నా అంచనా. తిండి అలర్జీని రక్తం, లాలాజలం, వెంట్రుకల ద్వారా కనిపెడతామనే పరీక్షలు కూడా అందులోనే పడేయండి. వాటి ఫలితాలు నమ్మదగ్గవి కావు.

వెతుకులాటకు డాక్టర్లు పాటించే వరుస ఒకటుంది, అది అదృష్టవశాత్తూ చవక నుంచి ఖరీదు వైపు వెళ్తుంది. ముందు ఫ్లీస్ (బొచ్చులో గెంతే చిన్న పురుగులు), పిడుదులు, గజ్జి పురుగులు లేవని తేల్చుకోవాలి. తర్వాత చర్మం మీద బ్యాక్టీరియా, ఈస్ట్ ఇన్ఫెక్షన్ ఉందేమో చూడాలి. గాజు పలక మీద తీసిన శాంపిల్‌ను అక్కడికక్కడే మైక్రోస్కోప్ కింద చూసే చిన్న పరీక్ష చాలు. ఆ తర్వాత ఎనిమిది వారాల ఎలిమినేషన్ డైట్, అంటే అలర్జీ తెప్పించే తిండి ఏదో తేల్చడానికి ఎంచుకున్న ఒకే ఆహారం తప్ప మరేదీ పెట్టకపోవడం. అప్పటికీ దురద ఉంటేనే వాతావరణంలోని వాటికి అలర్జీ అనుకుని దీర్ఘకాలపు మందుల వైపు వెళ్తారు. ఈ వరుస తప్పించి చివరి మెట్టు నుంచి మొదలుపెట్టిన ఇళ్లలోనే బిల్లు ఎక్కువగా కనిపిస్తుంది.

మీ కుక్క విషయంలో రెండు జబ్బులూ కలిసే చోటు ఒకటుంది, దాన్ని వాడుకోండి. కొవ్వు అరగనప్పుడు చర్మానికి కావాల్సిన కొవ్వు ఆమ్లాలు, విటమిన్ ఇ లాంటివి ఒంటికి పట్టవు. చర్మం, బొచ్చు నిర్జీవంగా ఉండటంలో దీని పాత్ర ఉండొచ్చు. ఎంజైములు, బి12 కుదురుకుంటే చర్మం కొంత తేరుకునే అవకాశం ఉంది. అందుకే ఇన్ఫెక్షన్ లాంటి తక్షణ సమస్యలకు వైద్యం చేయిస్తూనే, కొత్త ఖరీదైన దురద మందు మొదలుపెట్టే ముందు కొన్ని వారాలు ఆగవచ్చా అని డాక్టర్‌ను అడగండి. కుక్క గోక్కుని పుండ్లు చేసుకుంటుంటే మాత్రం ఆగకండి. ఎలిమినేషన్ డైట్‌కు హైడ్రోలైజ్డ్ ప్రొటీన్ ఆహారం (అలర్జీ రాకుండా ప్రొటీన్‌ను చిన్న ముక్కలుగా విడగొట్టినది) ఎంచుకుంటే, పీచు తక్కువున్న రకమైతే, అది ఈ జీర్ణ సమస్యకూ నప్పవచ్చు. ఒకే సంచి ఖర్చు రెండు పద్దులకూ పనికొస్తుంది. ఒక జాగ్రత్త ఉంది. మీరు వాడే ఎంజైముల పొడి చాలావరకు పంది క్లోమం నుంచి తీసినదే. ఎలిమినేషన్ డైట్ పెట్టే ముందు ఈ సంగతి చర్మ వైద్యుడికి తప్పకుండా చెప్పండి. చెప్పకపోతే ఎనిమిది వారాల డబ్బు, ఓపిక వృథా కావచ్చు. పొడిని మీ అంతట మీరు ఆపొద్దు.

చివరి మెట్టు దాకా వెళ్లాల్సి వస్తే ఆ ఖర్చు ఇలా ఉంటుంది. దురద తగ్గించే మందుల్లో ఓక్లాసిటినిబ్ రోజూ మాత్ర. లోకివెట్‌మాబ్ ఇంజెక్షన్ ఒకసారి వేస్తే నాలుగు నుంచి ఎనిమిది వారాలు. రెండింటి డోసూ బరువును బట్టే. మీ కుక్క 24 నుంచి 32 కిలోలకు తేరుకుంటే ఈ ఖర్చు పెరుగుతుంది. ఆ పెరుగుదలను ఇప్పుడే బడ్జెట్‌లో రాసుకోండి. స్టెరాయిడ్లు వీటన్నిటికంటే చవక, కొద్ది రోజులకు డాక్టర్ రాస్తే తప్పు లేదు. కానీ చవగ్గా ఉన్నాయని నెలల తరబడి వాడితే కండ తగ్గుతుంది, ఆకలి ఇంకా పెరుగుతుంది. అసలే చిక్కిపోయిన కుక్కకు అది మంచిది కాదు.

ఇప్పుడు డబ్బు ఎక్కడి నుంచి తేవాలో చూద్దాం. ముందు కార్డు బాకీ తీర్చండి. అత్యవసర నిధిలో మిగిలిన దాంట్లో రెండు నెలల ఇంటి ఖర్చులకు సరిపడా పక్కన ఉంచి, మిగతాది దానికి కట్టండి. పొదుపు ఖాతాలో వచ్చే వడ్డీ కార్డు వడ్డీకి దరిదాపుల్లో కూడా ఉండదు. పొడి, బి12, తిండి కలిపి నెలకు ఎంతవుతుందో తేల్చి, అంత మొత్తం జీతం పడిన రోజే వేరే ఖాతాకు దానంతట అదే వెళ్లేలా పెట్టండి. దురద వెతుకులాటకు నాలుగు నెలల గడువు, ఒక మొత్తం నిర్ణయించుకోండి. ఆ నాలుగు నెలలూ రిటైర్మెంట్ పొదుపును సగానికి తగ్గించి ఆ డబ్బు ఇటు మళ్లించండి. మీ కంపెనీ తన వంతు జమ చేసే పథకం ఉంటే అందులో చేయి పెట్టొద్దు. తగ్గించిన రోజే, తిరిగి పెంచే తేదీని కూడా బ్యాంకులో నమోదు చేయించండి. తర్వాత చూద్దాంలే అంటే ఆ తర్వాత ఎప్పటికీ రాదు.

బీమా విషయం. పాలసీ తీసుకునేనాటికి ఉన్న జబ్బుల్ని పెంపుడు జంతువుల బీమా కవర్ చేయదు. మీ కుక్కకు ఈ రెండూ రికార్డుల్లో ఉన్నాయి. దాచి తీసుకుంటే క్లెయిమ్ తిరస్కరిస్తారు, కట్టిన ప్రీమియం కూడా దండగ. ప్రమాదాలు, ఆపరేషన్ల కోసం తీసుకోవచ్చు కానీ కార్డు బాకీ తీరాకే. అప్పుడు కూడా జీర్ణకోశ, చర్మ సమస్యలను మొత్తంగా మినహాయించారేమో చదివి చూసుకోండి. ఇప్పటికే బీమా ఉండి, ఆ తర్వాత ఈ జబ్బు బయటపడిన పాఠకులెవరైనా ఉంటే, ప్రీమియం ఎక్కువైందని కంపెనీ మార్చకండి. కొత్త కంపెనీకి అది పాత జబ్బే అవుతుంది.

వచ్చే విజిట్‌కు ఒక కాగితం తీసుకెళ్లండి. వారం వారం బరువు, విరేచనం ఎలా ఉంది, దురద సున్నా నుంచి పదిలో ఎంత, పొడి రోజుకు ఎన్ని గ్రాములు. దాన్ని టేబుల్ మీద పెట్టి, నెలకు మీరు పెట్టగలిగే మొత్తం ఎంతో డాక్టర్‌కు మొహమాటం లేకుండా చెప్పండి. ఆ అంకె తెలిస్తే ఏ పరీక్ష ముందు, ఏది తర్వాత అన్నది ఆయన అందుకు తగ్గట్టు వరుస మార్చగలరు. బి12 పరీక్ష గురించి మాత్రం మొదటి నిమిషంలోనే అడగండి.