ట్రెక్కింగ్ కర్రకి బల్లెం మొన వద్దని ఎందుకంటున్నానంటే

బ్రదర్, మీ ప్రశ్న చదివాను. ఉగాదికి ముందు ఆత్మకూరు వైపు నుంచి అడవి దారిన శ్రీశైలం నడిచి వెళ్తున్నారు, ఐదున్నర అడుగుల వెదురు కర్ర ఉంది, ఎలుగుబంటో చిరుతో ఎదురైతే పనికొస్తుందని దాని చివర కత్తి బిగించి బల్లెంలా చేసుకుందామనుకుంటున్నారు, ఎలా కడితే ఊడకుండా ఉంటుందని అడిగారు. వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా పోయే ఆ దారిలో నేను ఏళ్లుగా నడుస్తున్నా కాబట్టి సూటిగా చెప్తా, కర్ర తప్పకుండా పట్టుకెళ్లండి, మొన మాత్రం పెట్టకండి.

ముందు బిగింపు సంగతే చెప్తా, మీరు అడిగింది అదే కదా. వెదురు చివర చీల్చి కత్తి పిడి దూర్చి నైలాన్ తాడు చుడితే ఇంట్లో చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, నేల మీద రెండు పోట్లు పొడిచి చూడండి, కణుపు దాకా నిలువునా చీలుతుంది. అసలు బల్లేనికి మొన వెనకాల ఇనప గొట్టం ఉంటుంది, కర్ర చివర సన్నగా చెక్కి అందులో దిగ్గొట్టి అడ్డంగా సీల వేస్తారు, అది కమ్మరి చేయాల్సిన పని. సరే అలాగే చేయించారనుకుందాం. మగ ఎలుగు 100 కిలోలు దాటొచ్చు, ఒళ్లంతా దట్టమైన బొచ్చు, అది మీద పడే ఊపులో ఎక్కడ పొడుస్తారు? ఒకవేళ దిగినా అది అక్కడ ఆగదు. యూరప్‌లో అడవి పందుల వేటకి వాడిన బల్లేలకి మొన కింద అడ్డంగా రెండు రెక్కలు పెట్టేవాళ్లు, ఎందుకంటే పోటు తిన్న జంతువు ఆ కోపంలో కర్ర వెంబడే మనిషి మీదకి వచ్చేస్తుంది, దాన్ని అక్కడ ఆపడానికి. పైగా వాళ్లు వేటకుక్కలతో, మనుషులతో కలిసి వెళ్లి ఎదురుచూస్తూ నిలబడేవాళ్లు, మనమేమో బ్యాగు మోస్తూ చెమటలు కక్కుతూ రాళ్లు చూసుకుంటూ నడుస్తుంటాం.

ఇంకోటి, దీని గురించి ఎవరూ ఆలోచించరు. మొన ఎలుగు కన్నా ముందు మన పక్కనోడికి తగులుతుంది. మా బ్యాచ్‌లో ఒకతను లారీ కమాన్ పట్టీ ముక్కతో మొన కొట్టించుకుని కర్రకి బిగించుకొచ్చాడు, చూడ్డానికి బాగానే ఉంది, అందరూ పట్టుకుని ఫొటోలు దిగారు. భీముని కొలను దగ్గర ఆ రాతి మెట్లు ఉన్నాయి చూడండి, అరిగి నున్నగా అయిపోయినవి, అక్కడ దిగుతుంటే అతని కాలు జారింది, కర్ర చేతిలోంచి వెనక్కి ఎగిరి వెనకాల వస్తున్న కుర్రాడి పిక్కలో దిగింది. మూడు వేళ్ల పొడవు చీలిక, లోపల తెల్లగా కొవ్వు కనపడుతోంది, తువ్వాలు చింపి కట్టినా తడిసిపోతూనే ఉంది, పైకి చేరేదాకా ఆ పిల్లాణ్ణి చెరో భుజం కింద పట్టుకుని మోశాం. ఆ రోజంతా మాకు ఒక్క జంతువు కూడా కనపడలేదు. తొడుగు వేసుకుంటాలే అంటారేమో, ఎలుగు పొదల్లోంచి వచ్చిందంటే మీకు దొరికేది రెండు మూడు సెకన్లు, తొడుగు తీసే టైమ్ ఎక్కడిది.

అసలు ఎలుగు మనిషి మీదకి ఎందుకు వస్తుందో తెలిస్తే కర్ర దేనికో అర్థమవుతుంది. దానికి చూపు అంతంతమాత్రం, పుట్ట తవ్వి చెదలు పీల్చేటప్పుడు అది చేసే చప్పుడుకి మన అడుగుల చప్పుడు దానికి వినపడదు, తలెత్తేసరికి మనం పది అడుగుల్లో ఉంటాం, బెదిరిపోయి మీద పడుతుంది. పిల్లల్ని వీపు మీద ఎక్కించుకున్న తల్లయితే మరీ. మీరు వెళ్లేది ఇప్పపూలు రాలే కాలం, తెల్లారుజామున చెట్ల కింద పూలు ఏరుకు తింటుంటాయి, ఆ టైమ్‌లో ఇప్పచెట్ల కిందగా నడవకండి.

ఒకసారి మాకు దారి చూపించడానికి వచ్చిన చెంచు పెద్దాయన భుజాన గొడ్డలి ఉంది కానీ దాని మీద చెయ్యి కూడా వేసేవాడు కాదు, అది కట్టెలకి, కంపలకి. చేతిలో కర్రతో మలుపు వచ్చిన ప్రతిసారీ రాయి మీద టకటక కొట్టి "హో" అని ఒక కేక వేసి అప్పుడు తిరిగేవాడు. వాగు దాటాక ఒకచోట ఉన్నట్టుండి చెయ్యి అడ్డం పెట్టి ఆగిపోయాడు. మాకేమీ తెలియలేదు, కాసేపటికి వినపడింది, గర్ గర్ మని బలంగా ఊదుతూ పీలుస్తున్న చప్పుడు, పొదల అవతల పుట్ట దగ్గర నల్లగా వీపు కదులుతోంది, ఎర్రమట్టి వెనక్కి ఎగిరి పడుతోంది. "ఎవురూ ఉరకాకండి, మెల్లగా ఎనక్కి రాండి" అన్నాడు. అందరం ఒకరికొకరు ఆనుకుని వెనక్కి నడిచి, బాగా దూరం వచ్చాక అప్పుడు కర్రతో రాయి మీద కొట్టాడు. అది తలెత్తింది, వెనక కాళ్ల మీద లేచి ముక్కు అటూ ఇటూ తిప్పింది, దిగి పల్లంలోకి పరిగెత్తి పోయింది. అంతే. దగ్గరున్నప్పుడు చప్పుడు చేయకుండా వెనక్కి రావాలి, దూరం ఉన్నప్పుడు చప్పుడు చేసి మనం ఉన్నామని తెలియజేయాలి, ఆయన దగ్గర నేర్చుకున్నది ఇదే.

చిరుత సంగతి వేరు. దాని ముందు పరిగెత్తకూడదు, కూర్చోకూడదు, వంగకూడదు, పిల్లలుంటే మధ్యలో పెట్టుకోవాలి. 2023 ఆగస్టులో అలిపిరి మెట్ల దారిలో చిరుత చిన్నపాపని పొట్టనపెట్టుకున్నాక టీటీడీ భక్తులకి కర్రలు ఇచ్చింది గుర్తుందా, చాలామంది నవ్వారు అప్పుడు, నాకైతే ఆ పని సబబే అనిపించింది. అవి మొన లేని మామూలు చేతికర్రలు. వాటితోపాటు గుంపులుగా పంపడం, మధ్యాహ్నం 2 తర్వాత చిన్నపిల్లల్ని ఆ దారిలో వదలకపోవడం కూడా చేశారు, అసలు కాపాడేది ఆ రెండే.

చట్టం కూడా చూసుకోండి. మీరు వెళ్లేది టైగర్ రిజర్వ్. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 31 ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ఆయుధంతో వెళ్లకూడదు, బల్లెం కనపడితే చెక్‌పోస్టు దగ్గర మీరు వేటకి వచ్చినోళ్లలాగే కనపడతారు. సెక్షన్ 11లో ప్రాణరక్షణ కోసం జంతువుని గాయపరిస్తే నేరం కాదని ఉంది నిజమే, కానీ ఆ సమయంలో మీరు ఆ చట్టాన్నే ఉల్లంఘిస్తూ ఉంటే ఆ మినహాయింపు మీకు వర్తించదని కూడా అక్కడే ఉంది. ఎలుగు, చిరుత రెండూ షెడ్యూల్ 1 జంతువులు, అంటే ఆ చట్టంలో అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్నవి. శివరాత్రికి, ఉగాదికి ఆ దారి తెరిచిన రోజుల్లోనే వెళ్లండి, గుంపులో వెళ్లండి.

ఇప్పుడు కర్రని ఎలా తయారుచేసుకోవాలో చెప్తా, ఇది నాకు ఇష్టమైన సబ్జెక్టు. బోలు వెదురు వద్దు, లోపల గట్టిగా నిండుగా ఉండే సాధనం వెదురు దొరికితే అది, లేదంటే పాత గొడ్డలి కామకి వాడే గట్టి కర్ర ఏదైనా. చంక కిందకి వచ్చే ఎత్తు చాలు. పట్టుకుంటే బొటనవేలు మధ్యవేలు కొసలు కలవాలి, అంతకంటే లావైతే సాయంత్రానికి చెయ్యి లాగేస్తుంది. పచ్చి కర్ర నీడలో ఆరాలి, ఎండలో పెడితే పగుళ్లొస్తాయి. కింద పొన్ను వేయించండి, రోకలికి ఉంటుంది చూడండి అలాంటిది. ఇనప పైపు ముక్క రెండంగుళాలు కోసి, కర్ర చివర దానికన్నా ఒక పిసరు లావు ఉండేలా చెక్కి, పైపుని బాగా కాల్చి పటకారుతో పట్టుకుని ఎక్కించి సుత్తితో దిగ్గొట్టి వెంటనే నీళ్లలో ముంచాలి, ఎద్దులబండి చక్రానికి ఇనప పట్టా ఎక్కించినట్టే, చల్లారేకొద్దీ బిగుసుకుంటుంది, మేకు కూడా అక్కర్లేదు. పొగ, కాలిన చెక్క వాసన వస్తుంది, కంగారు పడకండి. ఆ పొన్నుతో బండ మీద కొడితే చప్పుడు చాలా దూరం పోతుంది, వాగులో లోతు చూడ్డానికి, గడ్డిలో పాములుంటే ముందే కదిలించడానికి, మోకాళ్ల మీద బరువు తగ్గించడానికి, గాయపడినోణ్ణి మోయాలంటే రెండు కర్రలకి దుప్పటి కట్టడానికి, అన్నిటికీ అదే.

ఇంత జాగ్రత్తపడినా ఎలుగు మీదకి వస్తే కర్రని అడ్డంగా రెండు చేతులతో పట్టి మధ్యలో ఉంచండి, అది ముఖం మీదకే వస్తుంది. అది మిమ్మల్ని కింద పడేస్తే బోర్లా పడుకుని వేళ్లు మెడ వెనక పెనవేసుకోండి, బ్యాగు వీపు మీదే ఉండనివ్వండి. చిన్న గీటు పడినా సబ్బుతో పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి రేబీస్ ఇంజెక్షన్‌కి వెళ్లాల్సిందే, లైట్ తీసుకోవద్దు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు కూడా ఇక్కడ చదువుతుంటారు కాబట్టి ఒక్క మాట, అక్కడ ఎల్లోస్టోన్ నేషనల్ పార్క్ లాంటి చోట్ల బేర్ స్ప్రే ఉంది, ఎలుగు ముఖం మీదకి కొట్టే మిరప ఘాటు స్ప్రే అది, ఏడెనిమిది మీటర్ల దూరం నుంచే పనిచేస్తుంది, బల్లెం ఆలోచనే అక్కర్లేదు, బ్యాగులో దాచకుండా నడుముకి పెట్టుకోండి. అక్కడే ఉన్న యోసెమిటీ పార్క్‌లో మాత్రం అది కూడా నిషేధం.

బ్రదర్, మీ కర్ర ఫొటో పెట్టండి, కింద చివర చుట్టుకొలత దారంతో కొలిచి చెప్పండి, ఏ సైజు పైపు పడుతుందో చెప్తా.