సింక్ పైపు, గోడ పైపు కలవట్లేదా? ట్రాప్ తిప్పి చూడండి

సింక్ కింద ట్రాప్ (నీళ్లు పోయే దారిలో యూ ఆకారంలో వంగి ఉండే పైపు) బిగిస్తుంటే, సింక్ నుంచి దిగే పైపుకీ గోడ పైపుకీ రెండు అంగుళాలు పక్కకి తేడా వస్తోంది, పైపులు తప్పు కొన్నానా అని ఒకరు అడిగారు. పైపులు తప్పు కొనలేదు మీరు, ట్రాప్ నట్లు ముందే బిగించేసి ఉంటారు అంతే.

1. కింద బకెట్ పెట్టి నట్లన్నీ లూజ్ చేయండి, ఒక్కటి కాదు అన్నీ.

2. ట్రాప్‌లో యూ ఆకారం ముక్క, గోడలోకి పోయే వంపు ముక్క రెండూ విడివిడిగా తిరుగుతాయి. యూని పక్కకి తిప్పి, వంపు ముక్క నోరు దానికి ఎదురొచ్చేలా జరపండి, పక్క తేడా చాలావరకు ఇక్కడే పోతుంది. పొడవు చాలకపోతే ఎక్స్‌టెన్షన్ ముక్క వేయండి, ఎక్కువైతే గోడలోకి వెళ్లేది కొంచెం కోయండి.

3. అందరూ మర్చిపోయేది వాషర్. ఒక వైపు ఏటవాలుగా, ఇంకో వైపు చదునుగా ఉంటుంది చూడండి, చదును వైపు నట్‌కి ఆనాలి, ఏటవాలు వైపు జాయింట్ లోపలికి పోవాలి. తిరగేసి పెడితే ఎంత బిగించినా చుక్క చుక్క కారుతూనే ఉంటుంది.

4. పైపులు వాటంతట అవి ఎదురెదురుగా నిలబడ్డాకే నట్లు చేత్తో బిగించండి, ప్లాస్టిక్‌కి రెంచ్‌తో గట్టిగా తిప్పితే పగులుతుంది. లాగిపట్టి అస్సలు బిగించొద్దు.

ముడతల ఫ్లెక్సిబుల్ పైపు మాత్రం వేయకండి దయచేసి, ఆ ముడతల్లో జుట్టు, సబ్బు పేరుకుంటాయి.

5. సింక్ నిండా నీళ్లు పట్టి ఒకేసారి వదిలి, ప్రతి జాయింట్ కింద పొడి టిష్యూ పెట్టి చూడండి.