టెన్ అనకముందే వదిలానన్నా!

ప్రశ్న: అన్నా, మేం కర్నూలులో ఆదివారం పొద్దున్నే కాలేజీ గ్రౌండ్‌లో అల్టిమేట్ ఫ్రిస్బీ (డిస్క్ విసురుకుంటూ రెండు జట్లు ఆడే ఆట) ఆడతాం. పోయిన వారం డిస్క్ నా చేతిలో ఉంది, ఎదుటి జట్టువాడొకడు టెన్ దాకా కౌంట్ చేస్తున్నాడు, ఆలోపే విసిరేయాలి. వాడు టెన్ అనకముందే విసిరాను, మావాడు పట్టుకున్నాడు కూడా. అయినా ‘స్టాల్ ఔట్’ (టైమైపోయింది, డిస్క్ మాది) అన్నాడు. పైగా సెవెన్, ఎయిట్ గబగబా కలిపేశాడు. అరగంట గొడవ. ఎవరిది రైటు?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: అరగంటా! గోల్ పడ్డాక మళ్లీ ఆట మొదలు కావడానికి రూల్ ఇచ్చేదే 75 సెకన్లు తమ్ముడూ.

వాడు ‘టెన్’ అనడం మొదలుపెట్టేసరికి డిస్క్ ఇంకా నీ చేతిలో ఉంటే పోయినట్టే. అంటే ‘ట’ దగ్గరే లెక్క తేలిపోతుంది, ‘న్’ దాకా ఆగరు. మీ గొడవలో సగం ఇదే అయ్యుంటుంది, నువ్వు ‘న్’ విన్నావు, వాడు ‘ట’ అన్నాడు.

ఇక అంకెలు మింగడం. దాగుడుమూతల్లో కళ్లు మూసుకున్నవాడు ‘ఆరు, ఎనిమిది, పది’ అని వచ్చేస్తే తొండి అంటాం కదా, ఇదీ అంతే. మార్కర్, అంటే ఆ లెక్కపెట్టేవాడు, నీకు మూడు మీటర్ల లోపల నిలబడి, ముందు ‘స్టాలింగ్’ అని, ఒక అంకె మొదలుకీ తర్వాతి అంకె మొదలుకీ మధ్య కనీసం ఒక సెకను ఇవ్వాలి. ఇవ్వకపోతే నువ్వు అక్కడికక్కడే ‘ఫాస్ట్ కౌంట్’ అనాలి. ఆట ఆగదు, వాడు చివర అన్న అంకెలోంచి ఒకటి తగ్గించి లెక్కపెట్టాలి, సెవెన్ అన్నవాడు మళ్లీ సిక్స్ అనాలన్నమాట. నువ్వప్పుడు నోరు మూసుకుని డిస్క్ పోయాక అరిస్తే ఎవరు నమ్ముతారు? అనడానికి టైమే ఇవ్వకుండా టెన్‌కి దూకితే మాత్రం కాంటెస్ట్ చెయ్యొచ్చు, అంటే ఆ స్టాల్ ఔట్ ఒప్పుకోనని చెప్పొచ్చు.

కాంటెస్ట్ చేస్తే ఏమవుతుందంటే, మీవాడు పట్టిన క్యాచ్ చెల్లదు, వాళ్ల స్టాల్ ఔటూ చెల్లదు, డిస్క్ మళ్లీ నీ చేతికే వస్తుంది, కౌంట్ ఆఖరి అంకెల దగ్గర మొదలవుతుంది. క్యాచ్ జారి కింద పడి ఉంటే ఆ అవకాశం కూడా లేదు, డిస్క్ వాళ్లదే. అంపైర్ ఉంటే బాగుండు అనుకుంటావేమో, ప్రపంచ పోటీల్లో కూడా ఇవన్నీ ఆడేవాళ్లే తేల్చుకుంటారు.

ఈ ఆదివారం ఆటకు ముందే ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి వాణ్ని లెక్కపెట్టమను. ‘వన్’ మొదలు నుంచి ‘టెన్’ మొదలు దాకా కనీసం 9 సెకన్లు పట్టాలి. ఆరు సెకన్లకే వచ్చేస్తే వాడికే నవ్వొస్తుంది. తర్వాత నువ్వూ లెక్కపెట్టు, నీది ఎంతొస్తుందో చూద్దాం.